పచ్చి బండి

లానీ క్రేబిల్ అబద్ధాలాడే మనిషి కాడు, పాత కార్లు కొనేటప్పుడు తప్ప. ఆ ఒక్క పనిలో మాత్రం ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయన నోటి వెంట నిజం వచ్చిన పాపాన పోలేదు. "మా అబ్బాయి కాలేజీకి వెళ్ళడానికండీ" అనేవాడు. ఆయనకి పిల్లల్లేరు. "మా ఆవిడకి ఈ రంగంటే ప్రాణమండీ" అనేవాడు. వాళ్ళావిడ డార్లా ఆ కారు పక్కన నిలబడటానికి కూడా ఒప్పుకునేది కాదు. అమ్మేవాళ్ళు ముచ్చటపడి, ముందు సీటుని చివరిసారి నిమిరి, తాళంచెవి చేతిలో పెట్టేవాళ్ళు. లానీ దాన్ని ఇంటికి తెచ్చి, అద్దాలన్నీ పీకి, తలుపులు వెల్డింగు చేసి, పైకప్పు మీద డెబ్బై ఒకటి అని అంకె రాసి, ఆగస్టులో కౌంటీ జాతరకి తీసుకెళ్ళి, పదిహేను నిమిషాల్లో తుక్కు చేసేవాడు.

దాన్ని డెర్బీ అంటారు. బురద చేసిన బరిలోకి కార్లు దిగి పొట్టేళ్ళలా కుమ్ముకోవాలి. ఆఖరికి ఏది కదిలితే అది గెలిచినట్టు. మామూలు రోజుల్లో లానీ ధాన్యం గిడ్డంగిలో లారీ తోలేవాడు. రోడ్డుకి ఉడత అడ్డమొస్తే బ్రేకు వేసి, అది వెళ్ళిందాకా ఆగి, వెళ్ళాక చెయ్యి ఊపే రకం. ఏడాదికి ఒక్క శనివారం మాత్రం ఆయన వేరు.

ఇప్పటిదాకా తుక్కు చేసినవి, కొన్నేళ్ళు రెండేసి చొప్పున, నలభై మూడు. అన్నీ నాలుగు తలుపుల పాత పెద్ద కార్లే. పడవంత పొడుగు, మంచమంత సీటు, వెనక డిక్కీలో ఒక దూడని పడుకోబెట్టేంత చోటు. చిన్న కార్ల పోటీ వేరే ఉంది కానీ, అటు వైపు ఆయన కన్నెత్తి చూడడు. "అది కుమ్ములాటేంట్రా, దిండ్లతో కొట్టుకోవడం" అంటాడు.

ఆయన కుర్రతనంలో అలాంటి కారు యాభై డాలర్లు. ఒక్కోసారి అదీ లేదు. "కోళ్ళు గుడ్లు పెట్టి చంపుతున్నాయి, తీసుకుపోవయ్యా" అని రైతులే ట్రాక్టరు కట్టి లాగి పంపేవాళ్ళు. తర్వాత నూట యాభై అయింది, మూడొందలయింది, ఎనిమిదొందలయింది. ఇప్పుడు నేల కనపడేలా తుప్పు పట్టినదానికి కూడా నాలుగు వేలు. ప్రకటన కింద పెద్ద అక్షరాలతో "డెర్బీవాళ్ళు ఫోన్ చెయ్యొద్దు" అని ఒక హెచ్చరిక. స్వీడన్ నుంచి వచ్చి మరీ కొని ఓడలెక్కించుకుపోతున్నారట. యాభై ఏళ్ళపాటు కోళ్ళకి వదిలేసిన వాటికి, మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కాగానే ఎక్కడలేని ప్రేమికులూ పుట్టుకొచ్చారు. కారు పక్కన నిలబడి ఫొటో దిగుతారు, వాళ్ళ నాన్నకి ఇలాంటిదే ఉండేదని కళ్ళొత్తుకుంటారు. ఆ నాన్న దాన్ని అరవై డాలర్లకి లానీకే అమ్మి ఉంటాడు.

"కార్లు దొరకట్లేదే" అని లానీ ఒక సాయంత్రం వాపోయాడు.

"ఏమైపోయాయట?" అంది డార్లా.

"ఏమవుతాయి, కాలం తినేసింది."

"కాలానికి డెబ్బై ఒకటో నంబరు ఎవరు వేశారో మరి."

లానీ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

జాతర వారంలో మంగళవారం నాడు గ్లెండా ఫోన్ చేసింది. గ్లెండా జాతర బోర్డు కార్యదర్శి. పందుల ప్రదర్శన నుంచి పాటల పోటీ దాకా ఆవిడ పెన్సిలు కదలనిదే ఏదీ కదలదు.

"లానీ, పెద్ద బండ్లకి నలుగురే పేర్లిచ్చారు. నీది ఏది?"

"వెతుకుతున్నా."

"శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి అయిదో బండి తనిఖీకి రాకపోతే ఆ పోటీ ఎత్తేస్తున్నాం. ఈ ఏడాదికే కాదు, ఇక ఎప్పటికీ. బోర్డు తీర్మానం."

"ఎత్తేసి? ఆ టైములో ఏం పెడతారు?"

"గడ్డి కోసే బండ్ల పరుగు పందెం."

"గడ్డి కోసే బండ్లా!"

"కత్తులు తీసేస్తార్లే."

"అవి కూడా తీసేస్తే ఇంకేం చూద్దామని గ్లెండా, జనం టిక్కెట్టు కొని రావడం!"

ఫోన్ పెట్టేశాక లానీ వంటింట్లో చాలాసేపు నిలబడ్డాడు. ఆయనకి చదువు అబ్బలేదు, పదోన్నతి రాలేదు, పాట పాడితే కుక్క బయటికి పోతుంది. జీవితంలో ఆయన బాగా చేయగలిగిన పని ఒక్కటే. ఆ పని చేసే చోట ఇకనుంచి మనుషులు గడ్డి బండ్లెక్కి గుండ్రంగా తిరుగుతారు.

డార్లా ఆయన్ని కాసేపు చూసి జాలిపడింది. "చర్చి వంటింట్లో విన్నాను. ఐరీన్ రూప్ గారి గరాజులో వాళ్ళాయన క్లేర్ గారి బ్యూక్ కారు ఉందట. ఆయన పోయి ఆరేళ్ళయింది. కొంటామని వచ్చినవాళ్ళనల్లా తరిమేస్తోందట ఆవిడ."

"డబ్బు చాలకా?"

"మనుషులు నచ్చక."

బుధవారం పొద్దున్నే లానీ గడ్డం గీసుకుని, చర్చి చొక్కా తొడుక్కుని, జేబులో మెత్తటి గుడ్డ ఒకటి పెట్టుకున్నాడు. కార్ల ప్రేమికుల జేబుల్లో ఎప్పుడూ మెత్తటి గుడ్డ ఉంటుందని ఆయన ఏళ్ళ తరబడి గమనించి తెలుసుకున్నాడు.

ఐరీన్ రూప్‌కి ఎనభై ఆరేళ్ళు. ఎండుకొమ్మలా ఉంటుంది, చూపు మాత్రం పదును. లానీ కారు మాట ఎత్తగానే గరాజు తలుపు ఎత్తి, దుప్పటి లాగింది.

డెబ్బై ఆరో సంవత్సరపు బ్యూక్ ఎలెక్ట్రా. లేత నీలం. పంతొమ్మిది అడుగుల పైమాటే. ముప్ఫై ఒక్క వేల మైళ్ళే తిరిగింది. సీట్ల మీద కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగులు అలాగే ఉన్నాయి. ఒక్క దెబ్బ కూడా తినని కారుని డెర్బీవాళ్ళు పచ్చి బండి అంటారు. లానీ తన జన్మలో ఇంత పచ్చి బండిని చూడలేదు. నోట్లో నీళ్ళూరితే మింగి, జేబులోంచి గుడ్డ తీసి, లేని దుమ్ము తుడిచాడు.

"ఏం చేస్తావు దీన్ని?" అంది ఐరీన్.

"కాపాడుకుంటానండీ. వానలో బయటికి తియ్యను. ఎండ తగలనివ్వను. ఆదివారం ఆదివారం తుడిచి, మళ్ళీ దుప్పటి కప్పేస్తాను."

ఒక్కో మాటకీ ఆవిడ ముఖం ముడుచుకుపోతోంది. ఇంకాస్త ప్రేమ ఒలకబోయాలేమో అనుకున్నాడు లానీ. "పిల్లల్ని దగ్గరికి రానివ్వనండీ. అసలు నేను కూడా ఎక్కువగా ఎక్కను."

"ముందు ఒకసారి ఎక్కి చూడు" అంది ఆవిడ విసుగ్గా.

గాలి ఆడాలని ఆవిడ ముందు అద్దాలు కిందికి దించి ఉంచింది. లానీ డ్రైవరు పక్కకి వెళ్ళాడు. ఎడమ చెయ్యి పైకప్పు మీద వేశాడు. కుడి కాలు ఎత్తాడు. నడుం తిప్పి, కిటికీలోంచి సర్రున లోపలికి జారి, సీట్లో కూలబడి, రెండు చేతులూ స్టీరింగు మీద వేశాడు.

అప్పుడు తెలిసింది తనేం చేశాడో.

వెల్డింగు చేసిన తలుపుల బండ్లలోకి ముప్ఫై నాలుగేళ్ళుగా కిటికీలోంచే దూరుతున్న ఒళ్ళు అది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా దానికి తలుపు సంగతి తట్టలేదు. చర్చి చొక్కా గుండీ ఒకటి తెగి గరాజు నేల మీద దొర్లుకుంటూ పోయి ఐరీన్ బూటు దగ్గర ఆగింది.

"ఆ తలుపు పనిచేస్తుంది, అబ్బాయ్" అంది ఆవిడ.

"అదండీ... నడుం నొప్పండీ. వంగలేను."

"వంగలేనివాళ్ళు కిటికీలోంచి దూకుతారా?"

లానీ ప్లాస్టిక్ సీటు మీద చెమటతో అతుక్కుపోయి కూర్చున్నాడు. ఆవిడ గుండీని వంగి తీసింది.

"నీ నంబరెంత?"

"ఏం నంబరండీ?"

"నా దగ్గరా ఈ నాటకాలు? పైకప్పు మీద రాసుకునే నంబరు."

"డెబ్బై ఒకటండీ" అన్నాడు, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా.

"తొంభై ఎనిమిదిలో ఆకుపచ్చ ఫోర్డు నీదేనా? మంటలొస్తుంటే కూడా దిగకుండా ఇంకొకణ్ణి గుద్దావు, అదేనా?"

"మీరు చూశారా!"

"ఏటా చూస్తాను. ఎక్కడున్నావని క్లేర్ అడిగితే పందుల దగ్గరున్నానని చెప్పేదాన్ని." ఐరీన్ పక్క తలుపు తీసి, మర్యాదగా తలుపులోంచే ఎక్కి, లానీ పక్కన కూర్చుంది. "మంచివాడే మా ఆయన. ఇల్లు కట్టాడు, పొలం నిలబెట్టాడు. కానీ ఈ కారు వచ్చినప్పటినుంచి దీనికి మేము కాపలా. నలభై ఏళ్ళు ఈ సీట్లో కూర్చున్నాను. వేసవిలో కాళ్ళు ప్లాస్టిక్కుకి అంటుకుపోయేవి, దిగేటప్పుడు తోలు ఊడొచ్చినంత పనయ్యేది. ఒకసారి చర్చి విందుకని చెర్రీ పళ్ళ గుజ్జు కూరిన తీపి రొట్టె చేశాను. ఒళ్ళో పెట్టుకుని ఎక్కబోతే, ఒలుకుతుంది, దాన్ని పట్టుకుని నడిచి రమ్మన్నాడు."

"నడిచారా?"

"మైలున్నర. ఆయన పక్కనే మెల్లగా నడుపుకుంటూ వచ్చాడు, తోడుగా."

లానీకి నవ్వొచ్చింది, నవ్వాలో లేదో తెలియక దగ్గాడు.

"కొంటామని వచ్చిన ప్రతివాడూ దాచుకుంటాననేవాడే. ఒకడు గాజు గది కట్టిస్తానన్నాడు. నలభై ఆరేళ్ళు దాచింది చాలదూ? ఆరొందలియ్యి. శనివారం దీన్ని కొట్టు. నాలుగు తట్టి వదిలెయ్యడం కాదు. ఇక కదలలేనిదాకా కొట్టాలి. మాటిస్తావా?"

లానీ మాటిచ్చాడు. నలభై మూడు మందికి దాచుకుంటానని చెప్పి తుక్కు చేసిన మనిషి, కార్ల విషయంలో నిజాయితీగా మాటివ్వడం అదే మొదలు. నాలుకకి అలవాటు లేక రెండుసార్లు తడబడ్డాడు.

డెర్బీకి కొన్న కారుని రోడ్డు మీద నడపకూడదు, ట్రైలరెక్కించి తేవాలి. నడిపితే మనసు లాగుతుందని ఆ పని చేసేవాళ్ళందరికీ ఒక భయం. లానీ ట్రైలరు తీసుకెళ్ళలేదు. ఎలెక్ట్రా మొక్కజొన్న చేల మధ్యనుంచి చప్పుడు లేకుండా తేలిపోతుంటే, ఒంటి చేత్తో స్టీరింగు పట్టుకుని, చూసేవాళ్ళు లేకపోయినా మోచెయ్యి కిటికీలో పెట్టుకున్నాడు. మామూలుగా పది నిమిషాల దారి. చుట్టూ తిరిగి గంట సేపు వచ్చాడు.

పెట్రోలు బంకు దగ్గర టొలీడో నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు తగులుకున్నాడు. పాత కార్లు కొని అమ్మడం అతని పని. బ్యూక్ చుట్టూ మూడుసార్లు తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని అడుగుభాగం చూసి, లేచి, పన్నెండు వేలన్నాడు. రేపు పొద్దున్నే చెక్కుతో వస్తానని చిరునామా రాసుకున్నాడు. లానీ కాదనలేదు.

ఆ సాయంత్రం డెనీ వైస్ వచ్చాడు. పేర్లిచ్చిన నలుగురిలో ఒకడు. ఇరవై ఏళ్ళుగా ఏటా లానీని గుద్దుతున్నాడు కాబట్టి ప్రాణ స్నేహితుడు.

"అమ్మెయ్‌రా పిచ్చోడా" అన్నాడు డెనీ. "పన్నెండు వేలకి మూడు పచ్చి బండ్లొస్తాయి."

"ఎక్కడ?"

డెనీ మాట మార్చి, చల్లటిదేమైనా ఉందా తాగడానికి అని అడిగాడు.

డార్లా మాత్రం లెక్క తేల్చేసింది. "పన్నెండు వేలు! వంటింటి కప్పు కారుతోంది, తెలుసుగా."

"తెలుసు."

"ఐరీన్ గారికి మాటిచ్చావా?"

"ఇచ్చాను."

"అయితే కారనీ. ప్రతి ఆదివారం చర్చిలో ఆవిడ వెనక వరసలో కూర్చోవాల్సింది నేను."

గురువారం టొలీడో మనిషి చెక్కు పట్టుకుని వచ్చేసరికి లానీ షెడ్డులో వెనక అద్దం ఊడదీస్తున్నాడు. ఆ మనిషి చేతులు తల మీద పెట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా! ఇలాంటివి రాష్ట్రం మొత్తం మీద పది లేవు!"

"అందుకే వదులుకోలేకపోతున్నా. నాకు శనివారానికి ఒకటి కావాలి."

అతను బతిమాలాడు, తిట్టాడు, అనాగరికుడన్నాడు. చివరికి ఊడిన అద్దాలూ, మెరుపు పట్టీలూ, డ్యాష్‌బోర్డు గడియారమూ తొమ్మిది వందలకి కొనుక్కుని, వాటిని దుప్పట్లో పసిబిడ్డల్లా చుట్టుకున్నాడు. వ్యాను ఎక్కబోతూ ఆగి, అటూ ఇటూ చూసి, "శనివారం టిక్కెట్టు ఎంత?" అని అడిగాడు.

అతను వెళ్ళాక లానీ సీట్ల ప్లాస్టిక్ తొడుగులు కోశాడు. కింద నీలం ముఖమల్, కొన్ననాటిలా మెరుస్తూ ఉంది. అరచేత్తో రాశాడు. ఫ్యాక్టరీ వదిలాక దాన్ని తాకిన మొదటి చెయ్యి అదే. ఎందుకో తప్పు చేస్తున్నట్టనిపించి ఐరీన్‌కి ఫోన్ చేశాడు.

"రూప్ గారూ, తొడుగులు తీశానండీ. కింద ముఖమల్."

"తెలుసు. ప్లాస్టిక్కులోంచి కనపడేది." అంది ఆవిడ. "మెత్తగా ఉందా?"

"చాలా మెత్తగా ఉందండీ."

"సరే, కొట్టు" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

శనివారం పన్నెండుకి పది నిమిషాలుందనగా ఎలెక్ట్రా తనిఖీకి వచ్చింది. గ్లెండా బండ్ల ముందు నడుస్తూ, ఒక్కోదాన్నీ పెన్సిలుతో లెక్కపెడుతూ, అయిదు దగ్గర ఆగి టిక్కు పెట్టింది. గడ్డి బండ్లవాళ్ళు కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయారు.

రెండింటికి పోటీ. నీళ్ళ లారీ బరిని బురద చేసి వెళ్ళింది. మొదటి వరసలో ఐరీన్ కూర్చుంది. ఆవిడ ఒక్కతే రాలేదు. ఆవిడతో కలిసి చర్చిలో బొంతలు కుట్టే ఆడవాళ్ళంతా రెండు వ్యాన్లలో దిగారు. తెల్ల జుట్లు, ఎండ టోపీలు, చేతుల్లో నిమ్మరసం గ్లాసులు. వాళ్ళ వెనక వరసలో టొలీడో మనిషి కళ్ళు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

ప్రతి బండికీ కిటికీ పక్కన ఒక కర్ర కడతారు. డ్రైవరు దాన్ని విరిస్తే ఓటమి ఒప్పుకున్నట్టు. ఇంజను ముందుంటుంది కాబట్టి తెలిసినవాడెవడూ ముందు నుంచి గుద్దడు. వెనక్కి నడుపుతూ డిక్కీతో గుద్దుతాడు. లానీ మెడ తిప్పి, వెనక్కి చూస్తూ, జెండా దిగగానే ఎలెక్ట్రాని వదిలాడు. మొదటి దెబ్బకి ఒక క్రైస్లర్ అడుగు పైకి లేచి పడింది. ఆడవాళ్ళ వరసలోంచి ఒక్క కేక. లానీ అంతకుముందెప్పుడూ అలాంటి కేక వినలేదు. నలభై ఏళ్ళు ప్లాస్టిక్ మీద కూర్చున్నవాళ్ళు వేసే కేక అది.

తొమ్మిది నిమిషాల్లో మూడు కర్రలు విరిగాయి. మిగిలింది లానీ, డెనీ. డెనీ ఫోర్డు ముందు చక్రం పక్కకి వాలిపోయి బురదలో కూరుకుపోయింది. ఎలెక్ట్రా డిక్కీ మడతపడి వెనక సీటు దాకా వచ్చినా, ఇంజను మాత్రం క్లేర్ రూప్ చర్చికి నడిపినప్పటిలాగే మెత్తగా ఆడుతోంది.

నిబంధన ప్రకారం కదిలే బండి నిమిషంలోగా అవతలి బండికి ఒక్కసారి తగిలించాలి. మెల్లగా తట్టినా చాలు, లానీ గెలిచినట్టే. బండి మిగులుతుంది, వచ్చే ఏడాది కూడా పనికొస్తుంది. ఓడిన ముగ్గురూ తమ తుక్కు బండ్లలోంచే అరుస్తున్నారు.

"తట్టు లానీ, తట్టి వదిలెయ్! వచ్చే ఏడాదికి అదొక్కటే!"

"బుద్ధి ఉంటే మెల్లగా తట్టు!"

డెనీ కూడా కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అవున్రా, మెల్లగా! నా మెడ కూడా బాగాలేదు!"

లానీ మొదటి వరస వైపు చూశాడు. ఐరీన్ అరవట్లేదు. నిమ్మరసం పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది, అంతే. నలభై మూడు మంది అలాగే నమ్మకంగా చూస్తూ తాళంచెవి ఇచ్చారు ఆయనకి.

ఎలెక్ట్రాని బరి చివరిదాకా తీసుకెళ్ళాడు. మూతి డెనీ వైపు తిప్పాడు. ఓడినవాళ్ళ అరుపులు ఆగిపోయాయి, ముందు నుంచి గుద్దబోతున్నాడని వాళ్ళకి అర్థమైంది. "ఒరేయ్ ఒరేయ్ ఒరేయ్!" అని డెనీ లోపలికి దూరాడు. లానీ కాలు నేలకంటా నొక్కాడు.

ఆవిరి, బురద, ఇనుము విరిగిన చప్పుడు. ఎలెక్ట్రా ముందు భాగం పుస్తకం మూసినట్టు మూసుకుపోయింది. ఇంజను ఒకసారి మూలిగి ఆగింది, ఇక పలకలేదు. ఆఖరి దెబ్బ లానీది కాబట్టి గెలుపు లానీదన్నారు. టొలీడో మనిషి కళ్ళు తెరిచే ఉన్నాయి, లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

పక్కకి లాగిన బండ్ల దగ్గరికి గ్లెండా కప్పుతో వచ్చింది. అయిదు తుక్కు కుప్పల్నీ చూసి, పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది.

"బాగుంది లానీ. వచ్చే ఏడాదికి ఎవరి దగ్గరైనా బండి ఉందా?"

డెనీ మెడ పట్టుకుని నేల చూశాడు. మిగతావాళ్ళు బూట్ల బురద గీక్కున్నారు. లానీ కప్పు పుచ్చుకున్నాడు, అది ఖాళీ డబ్బాలా చేతిలో తేలిగ్గా ఉంది. గడ్డి బండ్లు మళ్ళీ వస్తాయి. ఈసారి వెళ్ళవు. ఐరీన్ వచ్చి, ఎలెక్ట్రా చుట్టూ ఒకసారి నడిచి, చితికిన తలుపు మీద చెయ్యి వేసి, "మాట నిలబెట్టుకున్నావు" అంది. అది విని సంతోషించాలో ఏడవాలో ఆయనకి తెలియలేదు.

ఆవిడ వెనకాల బొంతల ఆడవాళ్ళంతా దిగి వచ్చారు. అందులో పొట్టిగా, గుండ్రంగా ఉన్న మార్జరీ స్టకీ ముందుకొచ్చింది.

"అబ్బాయ్, ఈ అద్దాలవీ తియ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఒక పూటండీ. ఎందుకండీ?"

"మా గరాజులో లింకన్ కారు ఉంది. మా ఆయనది. పోయి పదకొండేళ్ళయింది, దానికి కప్పిన దుప్పటి మాత్రం ఏటా ఉతుకుతున్నాను."

లానీ కప్పు డెనీ చేతిలో పెట్టేశాడు. "ఎంతకిస్తారండీ?"

"మాది క్రైస్లర్" అంది వెనక ఇంకొకావిడ. "మాది ఓల్డ్స్‌మొబీల్, సీటు ఎలుకలు కొరికాయి, ఫర్వాలేదా?" అంది మరొకావిడ. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. కౌంటీలో ఎక్కడా లేవనుకున్న పెద్ద బండ్లన్నీ చచ్చిపోయిన మొగుళ్ళ పేరున, ఉతికిన దుప్పట్ల కింద, ఇన్నాళ్ళూ చల్లగా నిద్రపోతున్నాయి.

"ఎంతకైనా సరేనండీ" అన్నాడు లానీ. "పోటీ రోజు మీ పేరు కూడా రాయిస్తాను పైకప్పు మీద."

"అమ్ముతానని ఎవరన్నారు?" అంది మార్జరీ. గ్లెండా వైపు తిరిగింది. "దీనికి వయసు హద్దు ఏమైనా ఉందా?"

గ్లెండా నిబంధనల కాగితం తీసి, ఒక వైపు చదివి, రెండో వైపు తిప్పి చదివింది. "పదహారు నిండాలండీ."

"పైన?"

"పైన ఏమీ రాయలేదు."

"నాకు ఎనభై ఒకటి నిండాయి. రాసుకో. ఎస్, టి, యు, సి, కె, ఇ, వై."

గ్లెండా చెవి వెనకనుంచి పెన్సిలు తీసింది. డెనీ లానీని పక్కకి లాగాడు.

"ఒరేయ్, నాకు సండే స్కూల్లో పాఠం చెప్పిందిరా ఆవిడ. ఎలా గుద్దమంటావు?"

లానీ అటు చూశాడు. మార్జరీ స్టకీ ఎలెక్ట్రా ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఎక్కడ తగిలితే ఎక్కడ విరిగిందో వేలితో ఐరీన్‌కి చూపిస్తోంది.

"మనం గుద్దే సంగతి తర్వాతరా" అన్నాడు. "ముందు నీ మెడ బాగుచేయించుకో."